చిన్నాయన రెండుసార్లు రాసిన పేర్లు

గురువారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే పక్కింటి పిన్నమ్మ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. "మీ చిన్నాయన పోయినాడు పాపా. కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అంది. ఆయన పడుకోవడం మానేసి ఏడాది దాటింది. పడుకుంటే ఊపిరి అందేది కాదు, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఎదురుచూస్తున్న కబురే అయినా బడి సంచి గేటు దగ్గరే వదిలేసి ఆమె వెంట వెళ్లాను.

ఆయన మాకు చుట్టం కాదు. మాది మార్కాపురంలో బట్టల దుకాణం వాళ్ల ఇల్లు, వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. మధ్యలో గోడ ఒకటే కాబట్టి చిన్నాయన అయ్యాడు. కుర్రతనం నుంచీ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే మిషను మీద పనిచేశాడు. దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని కోత పని చేతకాక, అక్కడి ఆఫీసులోనే కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఆయన్నే పిలిచేవాళ్లు. ఆయనింట్లో మాత్రం ఒక్కటీ లేదు.

అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక మా ముందుగదికి వచ్చి, మా పాత కంప్యూటర్‌లో ఒక జాబితా టైపు చేసుకునేవాడు. పలకల పనిలో ఊపిరి పాడైన వాళ్ల పేర్లు, ఏ ఊరు, ఏ పని, ఎన్నేళ్లు. పూర్తయ్యాక ఒంగోలు తీసుకెళ్లి పెద్ద ఆఫీసర్లకు ఇచ్చి, వాళ్లకు పింఛనో మందులో అడగాలని ఆయన పట్టుదల. పెద్దారవీడు వైపు పల్లెలకు బస్సులో వెళ్లి, వాళ్లు చెప్పింది పలక మీద రాసుకొచ్చేవాడు. టైపు చేశాక తడిగుడ్డతో తుడిచేసేవాడు. కాగితం ఎందుకు వాడవని అడిగితే, "జీవితమంతా పలకలు కోసి ఇప్పుడు కాగితం కొనాల్నా?" అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గుగా మారి చాలాసేపటికి గానీ ఆగేది కాదు.

మా కంప్యూటర్ మరీ ముసలిదైపోయి, కొత్తది కొందామన్నాను. కొనొద్దు, మనమే కట్టుకుందామన్నాడు. విడిభాగాలు తెప్పించి బల్ల మీద దుప్పటి పరిచాడు. ఏది ముట్టుకోవాలన్నా ముందు కిటికీ ఊచ పట్టుకునేవాడు, ఒంట్లో కరెంటు దిగిపోవాలట. దుమ్ము ఊదడానికి ఊపిరి చాలదు కనుక సైకిలు పంపు తెచ్చుకున్నాడు. స్క్రూలు నాతో బిగించాడు. "గట్టిగా తిప్పొద్దు పాపా. చాలని చెయ్యికే తెలుస్తాది" అన్నాడు. చాక్‌పీసు తప్ప ఏమీ పట్టని నా చేతులకు పని నేర్పింది ఆయనే. మా అమ్మ పసుపు కుంకుమ తెస్తే పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె పూజ అయ్యాక తనూ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

జాబితా ఉంది కదా అని పాత డిస్కును కూడా అందులోనే బిగించాడు. దాని నకలు ఇంకోచోట లేదా అని మీరు అడగొచ్చు. ఆయన పెన్‌డ్రైవ్‌లో ఉండేది. ఉన్నది ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటే, దాన్ని ఖాళీ చేసి అందులోనే కొత్త ఆపరేటింగ్ సిస్టం తెచ్చాడు. అది పెట్టగానే తెర మీద మెనూలన్నీ తెలుగులో కనిపించేసరికి పిన్నమ్మను పిలుచుకొచ్చి చూపించాడు. ఇక ఎక్కించాలనగా ఆయాసం వచ్చింది. మందు పీల్చుకుని వస్తాను, అంతవరకూ ఏదీ నొక్కొద్దని చెప్పి ఇంటికి వెళ్లాడు.

నాలుగున్నరకు రాహుకాలం వస్తుంది, అంతలోపు మొదలుపెట్టాలని అమ్మ ఒకటే గొడవ. నాలుగుంబావు దాటింది. ఇవన్నీ మూఢనమ్మకాలని బడిలో పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆ నస పడలేక వెళ్లి కూర్చున్నాను. ఏ డిస్కు తుడిచి ఎక్కించాలని కంప్యూటర్ అడిగింది. రెండు కనిపించాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొత్తదే పెద్దదై ఉంటుందనుకున్నాను. కొత్తది చిన్నదట, వేగం కోసం అలా కొన్నాడట. నేను తుడిచింది పాతదాన్ని.

ఆయన వచ్చి తెర చూశాడు. ఆ పేర్లు వెనక్కి తేవాలని నాలుగు రోజులు అవస్థపడ్డాడు, డిస్కును ఒంగోలు తీసుకెళ్లి తెలిసిన వాళ్లకు చూపించాడు. రెండేళ్ల పని, ఒక్క పేరూ తిరిగి రాలేదు. నేను ఏడుస్తుంటే అన్నాడు: "మిషను చెడిపోయిందని చెప్తాలే అందరికీ. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పబాకు. టీచరమ్మవు, నలుగురిలో తిరిగేదానివి."

ఆ మాట ఇవాళ దాటుతున్నాను. మిషను చెడిపోలేదు. ఆ పేర్లు తుడిచింది నేను.

ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి నా స్కూటర్ వెనక కూర్చుని వచ్చేవాడు, నేను నోటుబుక్కులో రాసేదాన్ని. కొన్ని ఇళ్లలో చెప్పాల్సిన మనిషి అప్పటికే లేడు. భార్యను అడిగితే, "అప్పుడు నీకు చెప్పినాడంట గదన్నా" అనేది. ఎన్నేళ్లు చేశాడో ఆమెకు తెలియదు. చిన్నాయన మిషను చెడిపోయిందమ్మా అని తల వంచుకునేవాడు. ఆ తలవంపులు నావి, ఆయన మోశాడు. చలికాలం వచ్చేసరికి స్కూటర్ ఎక్కలేకపోయాడు. రెండో జాబితా మొదటిదాంట్లో సగానికి కూడా రాలేదు.

సమాధుల తోటకు ఆ పల్లెల ఆడవాళ్లు చాలామంది వచ్చారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని, ఆ మిషను చెడిపోకుండా ఉంటే ఈపాటికి మా బతుకులకు ఏదో ఒక దారి దొరికేదని బాధపడింది. అక్కడే చెప్పాల్సింది. తల ఊపి ఊరుకున్నాను.

మూడో రోజు పిన్నమ్మను తీసుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. రెండో జాబితాలో చిన్నాయన పేరు లేదు. తనది ఎప్పుడైనా రాసుకోవచ్చని వదిలేసినట్టున్నాడు. మొదటిదాంట్లో మొట్టమొదటి పేరు ఆయనదే. ఎన్నోసార్లు నా కళ్లబడింది, ఏనాడూ పూర్తిగా చదవలేదు. పేరూ ఊరూ నేనే కొట్టి, కోత పని ఎన్నేళ్లు చేశాడు పిన్నమ్మా అని అడిగాను.

ఆమె బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. పెళ్లి నాటికే పనికి పోతున్నాడు, పెద్దపిల్ల పుట్టిన ఏడు ఫ్యాక్టరీ మారాడు, మిద్దె వేసిన ఏడు... అక్కడ ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మళ్లీ మిద్దె దగ్గరే ఆగింది.

"ఉండు పాపా, ఆయన్ను అడిగొస్తా" అని లేచింది. గుమ్మం దాకా వెళ్లి నిలబడిపోయింది. బొటనవేలు ఇంకా ఆ కణుపు మీదే ఉంది.