అవ్వ పేరు చెప్పే గుడి

ఆ రోజుల్లో పట్టణంలో ఉద్యోగం దొరకడం కష్టం, కిరాయికి గది దొరకడం అంతకన్నా కష్టం అని అందరూ భయపెట్టేవారు. ఆ రెండూ నాకు వారం తిరగకముందే దొరికాయి. దొరకనిదల్లా గుడి. మా వైపు క్రైస్తవులం ఆ కాలంలో చర్చి అనేవాళ్లం కాదు, గుడి అనే అనేవాళ్లం. మోత్కూర్ అవతల మా పల్లెలో గుడి అంటే నాలుగు మట్టిగోడలు, పైన తాటాకులు, లోపల మా వాడ మొత్తం. ఎవరు ఎక్కడ కూర్చోవాలనే పేచీ ఉండేది కాదు, ఎందుకంటే కూర్చోవడానికి నేల తప్ప మరేమీ లేదు. అరవయ్యో దశకం మొదట్లో నేను కచేరీలో గుమాస్తాగా చేరిన పట్టణంలో మాత్రం ఏకంగా మూడు గుళ్లున్నాయి. (పట్టణం పేరు చెప్పను. నల్గొండకూ పాలమూరుకూ నడుమ ఎక్కడో అనుకోండి. చెబితే అక్కడి గుడి పెద్దల మనుమలు నా ఇంటి మీదికి వస్తారు. రానీయండి, నాకేం భయం లేదు. మా ఆవిడకు ఉంది.) మూడు గుళ్లున్న ఊళ్లో గుడి దొరకకపోవడమేమిటని మీరు అడగవచ్చు. నేనూ అదే అడిగాను, గొంతు చించుకుని అడిగాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నా ఒక్కడి సంగతే అయితే ఏ గుడిలోనో వెనకాల నిలబడి వచ్చేసేవాణ్ని. తిప్పలన్నీ మా అవ్వతో వచ్చాయి. అమ్మ లేని నన్ను పెంచిన మనిషి ఆమె. రెండు కళ్లకూ మోతిబిందు పొరలు కమ్మి, కొన్నేళ్లుగా మనిషిని గొంతును బట్టీ, చేతితో తడిమీ గుర్తుపట్టేది. ఆ పట్టణం దవాఖానకు చలికాలంలో కొన్నాళ్లు ఒక కళ్ల డాక్టరు వచ్చి ఆపరేషన్లు చేసి పోయేవాడు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, అప్పటికి ముదిరి చేయి దాటిపోతుంది అన్నాడాయన, నేను పోయి అడిగితే. అవ్వను బస్సెక్కించి తెచ్చుకున్నాను. దవాఖానకు రానని ఆమె అనలేదు. కానీ ఒక మెలిక పెట్టింది.

"కత్తి వెట్టే ముంగట గుళ్లె నా పేరు వెట్టి ప్రార్థన జెయ్యాలె. గది గాకుంటే నా కండ్ల మీద ఎవ్వని చెయ్యి వడనియ్య."

"ఊర్ల చేపిచ్చుకునే వస్తివి గదవ్వా!"

"గది ఊర్ల. కత్తి వెట్టేది గీడ. గీడ ఒక్కలన్న నా పేరు ఎత్తకపోతే నేనొచ్చినట్టు దేవునికెట్ల ఎరుకైతది? ఆయన ఇంక ఊర్లెనే దేవులాడుతుండొచ్చు."

"నేను జేస్త తియ్, గిప్పుడే."

"నువ్వు జేస్తే ఇంట్ల జేసినట్టు. పదిమంది ఆమెన్ అనాలె."

ఆమెను అనడానికి లేదు. మా పల్లెలో బావి తవ్వినా, పిల్లకు పెళ్లి కుదిరినా, బర్రె ఈనలేక తన్నుకున్నా, గుళ్లో పేరుపెట్టి ప్రార్థన చేయాల్సిందే. (బర్రెకు పేరు లేకపోతే అప్పటికప్పుడు పెట్టి మరీ చేసేవారు.) సరే, ఇదెంత పని అనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

మొదటి ఆదివారం పెద్ద గుడికి పోయాం. రాతి కట్టడం, గంట, హార్మోనియం, వరుసగా బెంచీలు. అవ్వకు ఎలాగూ కనపడదు, ముందుంటే వినపడనన్నా వినపడుతుందని ఆడవాళ్ల వైపు మొదటి బెంచీ మీద కూర్చోబెట్టాను. నేను మగవాళ్ల వైపుకు చేరానో లేదో, నల్లకోటు తొడిగిన సంఘపెద్ద ఒకాయన (ఎండాకాలంలో కూడా ఆ కోటు విప్పడట, ఇకనుంచి ఆయన్ను కోటుపెద్ద అంటాను) వచ్చి "అమ్మా, గిది కాంపౌండరు గారింటోళ్ల బెంచీ, ఎనుకకు పో" అన్నాడు. కాంపౌండరు గారింటివాళ్లు ఆ రోజు రానే లేదు! ఖాళీ బెంచీ దర్జాగా ముందు వరుసలో ఆరాధన వింటుంటే, మా అవ్వ తడుముకుంటూ పోయి గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట కూలబడింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పని మనది కదా అని, అంతా అయ్యాక చేతులు కట్టుకుని అవ్వ సంగతి చెప్పాను. "మెంబర్లయితేనే పేరు సదువుతం" అన్నాడు కోటుపెద్ద. తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మీదే ఊరు? ఊర్ల ఏ వాడ? మీ తాత ఏం జేసెటోడు?" అని మొదలుపెట్టాడు. తోలుతో మోట బొక్కెనలు కుట్టేవాడని చెప్పాను. "ఓహో, గట్లనా" అన్నాడు. దేవుని ముందర అందరమూ ఒక్కటేనని అప్పుడే అంత పొడుగు ప్రసంగం విన్న చెవులవి! ఈయన తాత మాత్రం కోటు తొడుక్కునే పుట్టాడు కాబోలు! మోట బొక్కెన లేకపోతే ఎవడి పొలానికి నీళ్లు పారేవని అడగబోయాను. అవ్వ నా చొక్కా పట్టి బయటికి లాక్కుపోయింది.

తర్వాతి ఆదివారం ఫాదరు గారి గుడికి పోయాం. అక్కడ ఏ వాడ అని ఎవరూ అడగలేదు, న్యాయం చెప్పాలి. పొడుగు గడ్డం ఫాదరు గారు అవ్వ మాట ఓపిగ్గా విని, తప్పకుండా నీ పేరు చెబుతానమ్మా అన్నారు. అయితే ఆ కాలంలో వాళ్ల పూజంతా లాటిన్‌లో, అదీ జనానికి వీపు పెట్టి జరిగేది. గంట మోగగానే అందరూ మోకరించేవారు. అవ్వ మోకాళ్లు వంగేసరికి వాళ్లు లేచేవారు, ఆమె నా భుజం పట్టుకుని లేచేసరికి మళ్లీ మోకరించేవారు. చివరికి ఆమె కూర్చోనూ లేదు, నిలబడనూ లేదు.

"మంచిగుందిరా, లొల్లి లేకుంట" అంది బయటికొచ్చాక. "గని నా పేరు సెప్పిండా?"

"సెప్పే ఉంటడు తియ్యవ్వా."

"ఉంటడేందిరా? గా భాషల నా పేరు సెప్పిండో, బియ్యం ధర సెప్పిండో నాకేం ఎరుక? ఏం సెప్పిండో తెల్వంది ఆమెన్ ఎట్లంట?"

ఫాదరు గారి మీద నాకు కోపం రాలేదు, అవ్వ మీద వచ్చింది. ఆమె మాటలో తప్పు ఎంత వెతికినా దొరక్కపోవడంతో అది ఇంకా ముదిరింది. దారి పొడుగునా ఆమెతో మాట్లాడలేదు. ఆమెకు ఆ సంగతి తెలియనే లేదు, తనే మాట్లాడుతూ వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం బస్టాండు వెనక రేకులషెడ్డు. అక్కడి బోధకుడి గొంతు పక్క ఊరికి వినపడేది. చప్పట్లు, కంజిర, పల్లెపాటల వరుసలో కీర్తనలు. అవ్వ ముఖం వెలిగిపోయింది, తనూ చప్పట్లు కొట్టింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. బోధకుడు ఆమె నెత్తిన చేయి పెట్టి "ఏం బాధమ్మా?" అన్నాడు. కళ్ల ఆపరేషన్ అని చెప్పగానే నిప్పు ముట్టుకున్నట్టు చేయి తీసేశాడు. "దవాఖానకు పోయేటోళ్లకు నేను ప్రార్థన జెయ్య. దేవుడు గావాల్నా, డాక్టరు గావాల్నా?"

"ఇద్దరికీ కొట్లాట ఎందుకు వెడుతవయ్యా? డాక్టర్ను పుట్టిచ్చింది ఎవలు?" అంది అవ్వ.

అది విశ్వాసం లేని మాట అని ఆయన కేకలు మొదలుపెట్టాడు. అప్పుడు చూశాను, ఆ మహానుభావుడి ముక్కు మీద కళ్లద్దాలు! "మరి గా అద్దాలు ఏ పరలోకంల కొన్నవయ్యా?" అని నేనూ ఆయన స్థాయిలోనే అడిగాను. మమ్మల్ని బయటికి పంపేశారు. కంజిర కొట్టేవాడు మా వెనకే వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాడు.

ఇంతలో దవాఖాన నుంచి కబురు. డాక్టరు ఇక ఎక్కువ రోజులు ఉండడు, వచ్చే సోమవారం తీసుకొస్తే తెమ్మన్నారు, లేకపోతే లేదు. అవ్వ మూట కట్టుకుని కూర్చుంది. "ముసల్దాన్ని, కండ్లు లేకున్నా దినాలెల్లిపోతయ్. నన్ను ఊర్ల దించిరా బిడ్డా" అంది. అంత నెమ్మదిగా అంది, అదే నేను భరించలేకపోయాను. ఒక్క ముసలిదాని పేరు ఒక్కసారి పలకడానికి ఇంత పెద్ద పట్టణానికి నోరు రాలేదు! ఆ ఆదివారం పొద్దున్నే ఆమె చేయి పట్టుకుని మళ్లీ పెద్ద గుడికే నడిపించుకుపోయాను. ప్రార్థనకు పోతున్నట్టు కాదు, పంచాయతీకి పోతున్నట్టే పోయాను.

ఆ గుడిలో పాటలయ్యాక పాస్టరు అయ్యగారు "ఎవరైనా ఒకరు ప్రార్థనలో నడిపించండి" అని కళ్లు మూసుకునేవారు. ప్రతివారమూ లేచేది కోటుపెద్దే. మా వాళ్లలో ఇంకో కట్టుబాటు ఉంది, అది ఏ గుడిలోనైనా ఒకటే. ప్రార్థన మొదలైతే ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు, ఎవరూ అడ్డు రాకూడదు. చేసేవాడు ఎంత అడ్డదిడ్డంగా చేసినా సరే. కోటుపెద్ద గొంతు సవరించుకునే లోపల నేను లేచాను.

"పరలోకమందున్న మా తండ్రీ! గీ గుళ్లె బెంచీలకు పేర్లున్నయ్, మనుషులకు లేవు. కాంపౌండరు గారు రాకున్నా ఆయన బెంచీకి మర్యాద జేస్తరు. రేపు దవాఖానకు పోయే, కండ్లు గానరాని ముసల్దాన్ని చెప్పుల కాడ కూసోవెడుతరు. నల్లకోటు తొడిగిన నీ దాసుడు మా తాత ఏం జేసెటోడని అడిగిండు. ఏసయ్యా, మీ నాయిన ఏం జేసెటోడని నిన్నడిగితే ఏం జెప్తవ్? వడ్రంగి పని అని జెప్పినవనుకో, నిన్ను గుడ ఎనుకకు పో అంటరు!"

గుడి గుడంతా కళ్లు గట్టిగా మూసుకుని బిగుసుకుపోయింది. (నేను తెరిచే ఉంచాను, ఎవరు ఎలా విలవిల్లాడుతున్నారో చూడాలి కదా.) కోటుపెద్ద మెడ నరాలు ఉబ్బాయి, పెదవులు కదిలాయి, మాట మాత్రం రాలేదు. అడ్డుకునేవాడు లేకపోయేసరికి నాకు ఊపు వచ్చింది. హార్మోనియాన్ని తిట్టాను. మెంబర్ల సంగతి తిట్టాను. ఆ గుడికి సంబంధం లేకపోయినా రేకులషెడ్డు బోధకుడి కళ్లద్దాలను కూడా దేవునికి అప్పజెప్పాను. చెప్పాల్సినవన్నీ అయిపోయి, రొప్పుతూ "ఆమెన్" అన్నాను. బతికిపోయామన్నట్టు అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడు గుమ్మం దగ్గరి నుంచి మా అవ్వ గొంతు వినపడింది.

"గంత సెప్పినవ్ గని, నా పేరేదిరా?"

బెంచీల పేర్లతో సహా అన్నీ చెప్పాను, ఆమె పేరు ఒక్కటి తప్ప! మళ్లీ నోరు తెరవబోయాను. కానీ అప్పటికే కోటుపెద్ద లేచి "ప్రార్థన చేద్దాం" అన్నాడు. అందరి కళ్లూ మూతపడ్డాయి. ఇక నా నోటికి తాళం.

"ప్రభువా, పెద్దా చిన్నా తెల్వని పిల్లగాడొకడు నీ ఇంటిని కచేరీ జేసిండు. వానికి గంత నోరిచ్చినవ్, జర తెలివి గుడ ఇయ్యకపోతివి. గీ కోటు నాది గాదు ప్రభువా, సచ్చిపోయిన మా అన్నది, నీకెరుకే. బెంచీ ముచ్చట నిజమే. గది బయట జెప్తే వాని సొమ్మేం పోయె? గింతమందిల నా ఇజ్జత్ దియ్యాల్నా?" అక్కడ ఆయన కోటు కొసతో ముక్కు తుడుచుకున్నాడు. తర్వాత, "వీని కోపానికి వీని అవ్వ ఏం జేసె? రేపు దవాఖానకు పోతదట. ఆ తల్లి కండ్లు మంచిగ జెయ్యి. ఆమె పేరు..." అని ఆగిపోయాడు. కళ్లు తెరవకుండానే, తల మాత్రం గుమ్మం వైపు తిప్పి, "ఏం పేరమ్మా?" అన్నాడు.

"రాహేలని వెట్టిన్రు, బుచ్చమ్మ అని పిలుస్తరు. రెండూ సెప్పయ్యా, దేవునికి ఏది యాదికున్నదో" అంది అవ్వ.

రెండూ చెప్పాడు. గుడంతా ఆమెన్ అంది, అందరికన్నా చివరగా, గట్టిగా అవ్వ అంది. నా నోటినుంచి మాత్రం రాలేదు. లోకంలో ఇంతమంది ఉండగా ఆ ప్రార్థన ఆ మనిషి నోటి నుంచే రావాలా అని పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. దారిలో అవ్వ నా చేయి పట్టుకుని "గుడి దొరికింది తియ్" అంది. ఆ కోటాయన గుడా అని నేను గయ్యిమన్నాను. "నా పేరు సెప్పిండు గద. బయటికి పోయేటోళ్లంతా నన్ను పలకరిచ్చిన్రు. కొట్లాట గుడ అయ్యింది. అచ్చం మన ఊర్ల తీరే ఉంది" అంది.

మర్నాడు ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక కొన్ని వారాలకు సోడాబుడ్డి అద్దాలు ఇచ్చారు. అవి పెట్టుకుని అవ్వ మొదట నన్నే చూసింది. ఆమె కళ్లకు మబ్బు కమ్మేనాటికి నాకు మీసాలు కూడా రాలేదు. ఎంత ఎదిగావురా అంటుందని, బావున్నావురా అంటుందని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. చాలాసేపు చూసింది.

"ఎవలమీదరా గంత కోపం?" అంది.

"ఎవలమీద లేదవ్వా."

"మరి మొఖమేంది గట్లుంది?"

"గిదే నా మొఖం."

ఆమె నవ్వీ నవ్వీ అద్దాలు జారిపోయాయి. తర్వాత దగ్గరికి పిలిచి, కనుబొమల నడుమ ఉన్న ముడతను బొటనవేలితో రుద్దింది, బట్ట మీద మడత తీసినట్టు. "పెండ్లి సూపులకు పోయే లోపల గిది పోవాలె" అంది. పోలేదు. అవ్వ పోయి ఎన్నో ఏళ్లయింది. ఇప్పుడు పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తే అది అక్కడే ఉంది, ఇంకా లోతుగా. ఎవరూ చూడకుండా బొటనవేలితో ఒకసారి రుద్దుకుంటాను. అప్పుడు మాత్రం, ఎంత ఆపుకున్నా, నాకు నవ్వొస్తుంది.