నేను వేలు చూపిన మనిషి ఊరికి

కాజీపేటలో రైలు ఏడూ నలభైకి కదిలింది. రామగుండానికి టికెట్టు కౌంటర్లో అప్పటికప్పుడే దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా. బయట జనవరి మంచు. పక్క పట్టాలు కూడా కనిపించడం లేదు. నాకు ఎడమ చెవి వినపడదు, కుడిచెవి సగమే వింటుంది. అందుకే ఏ ప్రయాణమైనా నీళ్ల అడుగున సాగుతున్నట్టుంటుంది. మనుషుల పెదవులు ముందు కదులుతాయి, మాట కాస్త ఆలస్యంగా వచ్చి చేరుతుంది.

ఎందుకు బయల్దేరానో చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట నేను టీచరుగా పనిచేసిన నగరంలో, ఒక సాయంత్రం బజారులో బాంబు పేలింది. నా పక్కన నిలబడి గాజులు ఏరుకుంటున్న మా చెల్లెలు సుజాత అక్కడికక్కడే పోయింది. పది రోజుల తర్వాత పోలీసులు కొందరిని వరుసగా నిలబెడితే, అందులో ఒకతన్ని చూపించి, సంచి పెట్టింది ఇతనే అన్నాను. అతని పేరు ఖాదర్. గోదావరిఖని నుంచి వచ్చి ఆ నగరంలో ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసుకునేవాడు. ఐదేళ్లు జైల్లో ఉన్నాక కోర్టు నిర్దోషి అని వదిలేసింది. ఆ వార్త పేపరు లోపలి పేజీలో చదివాను. మరో నాలుగేళ్లకు గానీ అతనికి ఉత్తరం రాసే ధైర్యం రాలేదు. వకీలు ద్వారా జవాబు వచ్చింది. "రండి. శుక్రవారం వద్దు."

జమ్మికుంట దాటాక, మందమర్రిలో కొడుకు దగ్గరికి పోతున్న ఒక అవ్వ సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది.

"ఏడికి బిడ్డా?"

"ఖనికి."

"చుట్టాలున్నరా?"

"తెలిసినవాళ్లు," అన్నాను. తొమ్మిదేళ్లుగా ఆ ముఖం ప్రతిరోజూ నా కళ్లముందుంది కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదనుకున్నాను.

తొమ్మిదిన్నరకు రామగుండంలో దిగాను. కరెంటు కేంద్రం పొగగొట్టాలు మంచులోంచి సగానికి పైన మాత్రమే కనిపిస్తున్నాయి, కింద ఏ ఆధారమూ లేకుండా గాలిలో నిలబడ్డట్టు. షేర్ ఆటోలో గోదావరిఖని చౌరస్తాకు అరగంట పట్టింది. దారి పొడవునా బొగ్గు లారీలు వస్తూ, మసకబారి, మాయమవుతూ ఉన్నాయి. చౌరస్తాలో ఇడ్లీ తిన్నాను. ఏం తిన్నానో తెలియలేదు.

ఖాదర్ దుకాణం రెండు సందుల అవతల. పదిన్నరకు అతను ఒక టేబుల్ ఫ్యాను విప్పుతున్నాడు. నలభై ఏళ్ల మనిషి, గడ్డం అక్కడక్కడ నెరిసింది. నా కళ్లముందున్న ముఖంతో ఈ ముఖం కలవలేదు. ఏమని పిలవాలో తెలియక నిలబడిపోయాను.

"కూసోండ్రి మేడం," అన్నాడు స్టూలు జరిపి. ఫ్యాను మూత మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుని, "ఒక్కటే అడుగుత. ఆ రోజు నా ముఖం చూసి గుర్తువట్టిన్రా?" అన్నాడు.

ఈ ప్రశ్నకు రైల్లో ఎన్నో జవాబులు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ పక్కన పెట్టి జరిగింది చెప్పాను.

"లేదు. మొదటి రోజు దవాఖానలో ఎవరినీ చూడలేదనే చెప్పాను. తర్వాత ఒక నాయకుడు వచ్చి నా తల నిమిరి, మన మతం ఆడబిడ్డను చంపారమ్మా అన్నాడు. అప్పటికి నాకు సుజాత ఎవరి ఆడబిడ్డో ఆలోచించే శక్తి లేదు. మర్నాడు ఆ నాయకుడి మనిషి ఒకతను మీ ఫొటో చూపించి, కింద మీ పేరు చదివాడు. పేరు విన్నాక ముఖం కనిపించింది. అచ్చం కళ్లారా చూసినట్టే. ఆ తర్వాత వాళ్ల ఎన్నికల సభలో మైకు పట్టుకుని అదే చెప్పాను."

అతను ఫ్యానును పక్కకు జరిపాడు. "నన్ను గూడ స్టేజీ ఎక్కుమన్నరు," అన్నాడు. "జైలుకెళ్లి రాంగనే మావోళ్లు దండలు వట్టుకొని వచ్చిన్రు. మతం కోసం జైలుకు వొయినవ్, రెండు మాటలు మాట్లాడు అన్నరు. నేను మతం కోసం పోలే, మేడం. ఊకెనే పోయిన." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇంకోటి మీకెవ్వరు చెప్పిన్రో లేదో. నన్ను పట్టుకున్నంక, బాంబు వెట్టినోన్ని ఎవ్వరు ఎతకలే. మీ చెల్లెను చంపినోడు ఏడనో మంచిగనే ఉన్నడు."

ఆ మాట కుడిచెవిలోకి స్పష్టంగా వచ్చింది. ఎన్నో రాత్రులు పక్కమీద లేచి కూర్చున్నాను గానీ, ఆ వైపు నుంచి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఒంటిగంటకు ఇంటికి తీసుకెళ్లాడు. తండ్రి గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాక కట్టుకున్న రెండు గదుల ఇల్లు. కొడుకు జైల్లో ఉండగానే ఆయన పోయాడు. తల్లి హసీనా బీ మంచం మీద కూర్చుని ఉంది. పక్కింటి దేవదాసు, గల్లీ అంతా కాక అని పిలిచే పెద్దాయన, ఆమె భర్తతో ఒకే షిఫ్టులో పనిచేసిన పెన్షనరు, చర్చిలో పాటలు పాడతాడట, ముందే వచ్చి కుర్చీలో ఉన్నాడు. తనను పోలీసులు పట్టుకున్నాక ఊరేగింపు వచ్చి ఈ ఇంటి మీద రాళ్లు వేసిన రోజు, గడప మీద అడ్డంగా కూర్చుంది ఆయనేనని ఖాదర్ దారిలో చెప్పాడు.

ఆమె ముందు మళ్లీ అంతా చెప్పాను. క్షమించమన్నాను. ఆమె ఏడవలేదు.

"అబద్ధం మైకుల చెప్పినవు," అంది. "వెయ్యిమంది విన్నరు. నిజం గీ అర్రల చెప్తున్నవు. మేం ముగ్గురం వింటున్నం."

 

"ఎక్కడ చెప్పమంటే అక్కడ చెప్తానమ్మా," అన్నాను.

దేవదాసు కాక లేచాడు. "మూడింటికి డ్యూటీ దిగి మంది వస్తరు. నాలుగింటికి గల్లీలనే చెప్పు టీచరమ్మా. మైకు లేదు గని, మనుషులున్నరు."

నాలుగింటికి మంచు ఎప్పుడో పోయి, పల్చని ఎండలో బొగ్గుపొడి మెరుస్తూ తేలుతోంది. కాక పిలిస్తే ఇరవై మంది దాకా వచ్చారు. హెల్మెట్లు చేతిలో ఉన్నవాళ్లు, కూరగాయలు కోస్తూ లేచొచ్చిన ఆడవాళ్లు. ఖాదర్ గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ముఖాలన్నీ కలలో ముఖాల్లా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నా గొంతు నాకే దూరం నుంచి వినిపించింది. "ఈయన ఏ తప్పూ చేయలేదు. నేను చూడకుండానే చూశానన్నాను," అన్నాను. మా చెల్లెలి పేరు కూడా చెప్పాను.

ఒకాయన ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. మరొకాయన ఖాదర్ దగ్గరికి నడిచి, "గా రోజు రాయేసినోళ్లల్ల నేనున్న, అన్నా," అన్నాడు. ఖాదర్ తల ఊపాడు. అతన్ని కావలించుకోలేదు, వెళ్లగొట్టనూ లేదు. లోపలి నుంచి హసీనా బీ నాకు చాయ్ పంపింది. తను బయటికి రాలేదు.

ఆరూ పదికి తిరుగు రైలు. స్టేషన్ దాకా ఖాదరే బండి మీద దింపాడు. దారిలో ఒక్కటే అడిగాను, ఇదే మాట కోర్టు కాగితం మీద రాసిస్తాను, కేసు మళ్లీ తెరవమని అడుగుదామా అని. "మీ చెల్లె కోసం అడగండ్రి. నేను సంతకం వెడత," అన్నాడు.

రైలు పెద్దపల్లి దాటేసరికి చీకటి పడింది. బాంబు పెట్టినవాడికి ఏం కావాలో నాకు ఈనాటికీ తెలియదు. సభ పెట్టినవాడికి ఏం కావాలో మాత్రం తెలుసు. వాళ్లిద్దరూ ఎన్నడూ కలుసుకుని ఉండరు. అయినా ఒకడు వదిలేసిన చోటు నుంచి రెండోవాడు అందుకున్నాడు, ఆ అందించింది నేను. సుజాత పోయిన దగ్గర్నుంచి కళ్లు మూసుకుంటే ఖాదర్ ముఖమే కనిపించేది. ఆ రాత్రి రైల్లో కళ్లు మూసుకున్నాను. మొదటిసారి సుజాత కనిపించింది, గాజులు చేతికి పట్టవేమోనని నవ్వుతూ.