రెండుసార్లు నొక్కిన బటన్

మా పెద్దమ్మకు గొంతులో క్యాన్సర్. స్వరపేటిక తీసేస్తే తప్ప ప్రాణం దక్కదన్నారు. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం కెమెరా పట్టుకుని జార్జి టౌన్‌లో వాళ్ల మేడ మీది గదికి వెళ్లాను. వాళ్లమ్మాయి, అంటే మా అక్క, అప్పుడు ఏడో నెల కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డకు అమ్మమ్మ గొంతు తెలియాలి. పెద్దమ్మ కోరిక అదొక్కటే.

కోడంబాక్కంలో ఉంటూ ఏళ్ల తరబడి పెళ్లి వీడియోలు తీస్తున్నవాణ్ని, ఇదో పనా అనుకున్నాను. నా మిర్రర్‌లెస్ కెమెరా ఈ ఊరి ఉక్కకు అరగంటలో కాగిపోయి ఆగిపోతుంది. అందుకే అందులో కార్డు పెట్టను. పక్కన ఒక రికార్డరు పెట్టి, కేబుల్ తగిలించి, బొమ్మా మాటా రెండూ దాంట్లోకే ఎక్కిస్తాను. పాత రికార్డరుకైతే కెమెరా బటన్ నొక్కాక దాని బటన్ కూడా విడిగా నొక్కాలి. ఆ వారమే తెచ్చిన కొత్తది కెమెరాతో పాటు తనే మొదలవుతుంది, దాని బటన్ నొక్కితే ఆగిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, నా మొహం మండ, వేళ్లు పాత అలవాటుకే పోయాయి.

రికార్డరు తెర చూసుంటే అప్పుడే తెలిసేది. కానీ పెద్దమ్మ ముందే అంది: "ఆడ నన్ను నేనే చూసుకుంటా ఉంటే మాట రాదురా. దాన్ని అట్ల తిప్పేయ్." తెరను గోడవైపు తిప్పేసి, రెండు బటన్లూ నొక్కాను.

చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపేశాను. చెమటలు కారుతున్నా పెద్దమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో తమిళం దొర్లితే, "అయ్యయ్యో, బిడ్డకు తెలుగులోనే చెప్పాల" అని మళ్లీ మొదలుపెట్టింది. గొంతు గీరుకుపోతున్నా జోల పాడింది. నాకు ఏడుపు ఆగలేదు. అయ్యాక మళ్లీ రెండు బటన్లూ నొక్కాను.

ఆపరేషన్ అయిన మూడో రోజు కంప్యూటర్‌లో పెట్టి చూశాను. ఉన్నవి రెండే ముక్కలు. మొదటిది ఒక్క సెకను. ఆమె మాట్లాడినంతసేపూ రికార్డరు ఆగి ఉంది, నేను ఆపాననుకున్నప్పుడు మొదలైంది.

పాప పుట్టింది. ఎప్పుడు వినిపిస్తావురా అని అక్క ఫోన్లు చేస్తోంది. పెద్దమ్మ అదే మాట పలక మీద రాసి చూపిస్తోంది. ఎడిటింగ్‌లో ఉందని చెప్పి తప్పించుకుంటున్నాను. సిగ్గుతో చస్తున్నాను.

రెండో ముక్కలో, రికార్డరు కేబుల్ ఇంకా పీకకముందు, నేను మిగతా వైర్లు చుడుతుంటాను. పెద్దమ్మ మంచినీళ్లు తాగి అడుగుతుంది: "అంతా పడిందా నాయనా? పడకపోతే చెప్పు, ఇంకోసారి చెప్తా. రేపట్నించి కుదరదు గదా."

"అంతా బాగా పడింది పెద్దమ్మా, నువ్వింక మాట్లాడబాక" అంటున్నది నేనే.