సల్మాన్ గదిలో చప్పుడు

రేపల్లెలో గుడ్డ కవరు లేని మిక్సీ ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని నిన్ననో మొన్ననో కొని ఉంటారు. లేకపోతే సుల్తాన్ బీ ఊరుకోదు. మిక్సీలకి, గ్రైండర్లకి, టీవీలకి, చివరికి ఎవరో అడిగారని ఒక హార్మోనియానికి కూడా కొలత తీసుకుని కవరు కుట్టి ఇచ్చింది. దుమ్మంటే ఆవిడకి గిట్టదు. కప్పి ఉంచిన వస్తువు నాలుగు కాలాలపాటు ఉంటుందని ఆవిడ గట్టి నమ్మకం. భర్త రెహమాన్ పోయాక తల్లీకొడుకులకి అన్నం పెట్టింది ఆ నమ్మకమే.

కొడుకు సల్మాన్ పెళ్లి వీడియోలు తీసేవాడు. తీసినవన్నీ ఇంట్లోనే కూర్చుని కత్తిరించి, పాటలు కలిపి, అందంగా తయారుచేసేవాడు. అందుకు కంప్యూటరు కావాలి. షాపులో బిగించి ఇచ్చేది వాడికి నచ్చదు. తెనాలిలో స్నేహితుడు హేమంత్‌కి కంప్యూటర్ల షాపు ఉంది. అక్కణ్ణుంచి ఒక్కో భాగమే తెచ్చి, చాప మీద పరుచుకుని, తన చేత్తోనే బిగించుకున్నాడు. లోపలి ఫ్యాన్లు మాత్రం ఎక్కడో పడి ఉన్న పాతవి. స్విచ్ వేస్తే ముందు గుర్రుమనేవి, తర్వాత సన్నగా ఈల వేసేవి, మధ్యమధ్యలో టకటకా కొట్టుకునేవి.

"ఏంట్రా ఈ రైసుమిల్లు? చెవులు చిల్లులు పడిపోతున్నాయి," అనేది తల్లి.

"ఆగమ్మీ, నాలుగు పెళ్లిళ్లు తగిలితే మంచి ఫ్యాన్లు వేస్తాను," అనేవాడు వాడు.

ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చాక సుల్తాన్ బీ చేతులు కట్టుకు కూర్చుంటుందా? నీలం శాటిన్ గుడ్డతో దానికీ ఒక కవరు కుట్టింది. స్విచ్ నొక్కడానికి కన్నం వదిలి, ఆ కన్నం చుట్టూ పూసలు కూడా కుట్టింది. అది చూసి సల్మాన్ పడీపడీ నవ్వాడు.

"అమ్మీ, దీనికి ముందునుంచి చల్లగాలి లోపలికి వెళ్లాలి, వెనకనుంచి వేడిగాలి బయటికి పోవాలి. నువ్వేమో ముక్కూ నోరూ మూసేసి మెడలో హారం వేశావు!"

పొద్దున్నే వాడు ఆ కవరు తీసి మంచం మీద పడేసేవాడు. వాడు వీధిలోకి వెళ్లగానే ఆవిడ మళ్లీ తొడిగేది. ఆ పోట్లాట ఏళ్లతరబడి నడిచింది.

పోయిన ఏడాది బాపట్లలో ఒక పెళ్లి వీడియో తీసి బండి మీద తిరిగి వస్తుంటే లారీ గుద్దింది. మనిషి అక్కడికక్కడే పోయాడు.

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన అయ్యి చుట్టాలంతా వెళ్లిపోయాక, గది తుడుస్తూ సుల్తాన్ బీ ఆ స్విచ్ నొక్కింది. ఎందుకు నొక్కిందో ఆవిడకే తెలియదు. గుర్రుమంది, ఈల వేసింది, టకటక మొదలైంది. కర్టెన్ వేసేసి, బయటికి వచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. లోపల కొడుకు పని చేసుకుంటున్నాడు, బయట తను కుట్టుకుంటోంది. రోజూ ఉండే పొద్దుటిలాగే ఉంది. అబద్ధమని తెలియదా? తెలుసు. ఆవిడకేం మతి చలించలేదు. కానీ ఆ చప్పుడు ఉన్నంతసేపే ఆవిడకి ఊపిరి ఆడేది. అప్పట్నుంచీ నమాజు కాగానే స్విచ్ వెయ్యడం, కర్టెన్ దించడం అలవాటైంది. కవరు మాత్రం దాని మీదే ఉండిపోయింది. తీసి పడేసేవాడు లేడు మరి.

ఎండలు ముదిరేసరికి కంప్యూటరు దానంతటదే ఆగిపోవడం మొదలుపెట్టింది. చప్పుడు ఆగగానే ఆవిడ కాళ్లు మిషను మీద బిగుసుకుపోయేవి. చివరికి దాన్ని దుప్పట్లో మూటకట్టి, పాసింజరు ఎక్కి తెనాలి వెళ్లింది.

హేమంత్ మూత విప్పాడు. లోపల ఎర్రటి, పచ్చటి, నీలం నూగు దట్టంగా పట్టి ఉంది. అంతా ఆవిడ కుట్టుమిషను దగ్గర లేచిన దారపు నూగే. వేడిని లాగే రేకుల మధ్య దూదిలా కూరుకుపోయింది.

"నా వల్లేనా నాయనా?"

"దుమ్ము ఎవరింట్లో ఉండదు పిన్నీ," అన్నాడు హేమంత్. నీలం కవరు మాత్రం మడిచి పక్కన పెట్టాడు. "ఇందులో మీకేం కావాలో చెప్పండి. జాగ్రత్తగా చూస్తాను."

చప్పుడు కావాలని ఎలా చెబుతుంది? వింటే నవ్వుతాడో, జాలి పడతాడో. "వాడి వీడియోలున్నాయి నాయనా, అవి పోకూడదు," అంది.

ఆదివారం హేమంత్ స్వయంగా దాన్ని రేపల్లె తెచ్చాడు. గోడకి ఎడంగా పెట్టి, వైర్లన్నీ తగిలించాడు. సుల్తాన్ బీ గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది.

"ఇంకా వెయ్యలేదా నాయనా?"

"వేశాను పిన్నీ. నడుస్తోంది." అతని మొహంలో సంతోషం దాగలేదు. "అమ్మీ తిడుతోంది, ఎలాగైనా చప్పుడు లేని ఫ్యాన్లు వెయ్యాలిరా అని సల్మాన్ ఎప్పుడూ అనేవాడు. వాడి కోసం మంచివి తెప్పించి వేశాను. చెవి పెట్టి చూడండి, ఏమీ వినపడదు."

ఆవిడ చెవి పెట్టింది. నిజమే, ఏమీ వినపడలేదు.

"పాతవి ఏవి?"

"రెక్కలు విరిగిపోయాయండి. పాతసామాన్లవాడికి ఇచ్చేశాను."

సుల్తాన్ బీ అక్కడే కూలబడి బావురుమంది. "వీడియోలు నాకెందుకు నాయనా! నాకు ఆ చప్పుడే కావాలి. అది వింటుంటే వాడు లోపల ఉన్నట్టే ఉండేది."

హేమంత్ మొహం పాలిపోయింది. స్నేహితుడి కోసం ఎంతో ప్రేమగా చేసిన పని, స్నేహితుడి తల్లికి ఆ కాస్త ఆధారమూ లేకుండా చేసింది. "ముందే చెప్పొచ్చు కదా పిన్నీ," అని మాత్రం అనగలిగాడు. మర్నాడు ఎక్కడెక్కడో వెతికి ఒక పాత ఫ్యాను పట్టుకొచ్చి బిగించాడు. అది ఇల్లంతా అదిరేలా మోగింది.

"ఇదే నాయనా, అచ్చం ఇదే," అంది ఆవిడ. అతనికి అన్నం పెట్టి, కొసరి కొసరి వడ్డించి పంపించింది.

అది ఆ చప్పుడు కాదు. అందులో ఈల లేదు, టకటక లేదు. ఎవరింటి చప్పుడో తెచ్చి తన కొడుకు గదిలో పెట్టినట్టుంది. హేమంత్ వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి స్విచ్ తీసేసింది.

సాయంత్రం కొల్లూరు నుంచి చంద్రకళ వచ్చింది. పోయిన నెల ఫ్రిజ్‌కి కవరు పురమాయించి వెళ్లిన మనిషి.

"ఏంటి పిన్నీ, ఇవాళ ఇంత నిశ్శబ్దంగా ఉంది? మీ అబ్బాయి ఇంట్లో లేడా?"

"లేడమ్మా."

"పోయినసారి వచ్చినప్పుడు లోపల పనిలో ఉన్నాడని మీరే అన్నారు. మా చెల్లెలి పెళ్లి వీడియో సంగతి మాట్లాడదామని వచ్చానండి. ఎప్పుడొస్తాడు?"

సుల్తాన్ బీ ఫ్రిజ్ కవరు మడతపెట్టి చంద్రకళ చేతిలో పెట్టింది.

"రాడమ్మా," అంది. "మా వాడు చనిపోయాడు."