ఛాయాదేవిగారి ఫ్యాను

పంజాగుట్ట ల్యాబులో ముప్పై ఏళ్లపాటు, నడివేసవిలో సైతం, సరిగ్గా పదింటికి ఛాయాదేవిగారు ఫ్యాను ఆపడం ఒక చారిత్రక ఘట్టం. ఆవిడ మైక్రోస్కోపు కింద ఇసుక రేణువులంతేసి సముద్రజీవుల గుల్లలుండేవి. వాటిలోని రసాయనాలను బట్టి ఇరవై వేల ఏళ్ల కిందట బంగాళాఖాతం ఎంత వెచ్చగా ఉండేదో చెప్పేవారు. ఒకనాడు ఆవిడ చెమటలు చూడలేక అటెండరు హుస్సేన్ ఫ్యాను వేశాడు. సముద్రగర్భం నుంచి తవ్వితీసిన, మళ్లీ దొరకని మట్టిపొర తాలూకు గుల్లలన్నీ ఎగిరిపోయాయి.

"ఎంత పని చేశావు హుస్సేన్, సముద్రమంతా పోయింది!" అన్నారావిడ ఏడుపుగొంతుతో.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్, ఏడికి పోతది? గీ రూంలనే ఉంటది," అంటూ అతను నేలమీద బోర్లా పడుకున్నాడు. తడి కుంచెలతో ఇద్దరూ సాయంత్రందాకా వెతికితే సగం దొరికాయి. పరీక్షకు అవే సరిపోయాయి.

ఇప్పుడిద్దరూ రిటైరయ్యారు. అమీర్‌పేటలో ఆవిడింటికి ఎప్పుడొచ్చినా, పళ్లేలు బల్లమీదికి రాగానే హుస్సేనే లేచి ఫ్యాను ఆపుతాడు. చెమటలు తుడుచుకుంటూ ఇద్దరూ ఆ రోజుల్ని తలుచుకుంటారు.

పళ్లేల్లో ఉండేది ఉప్మా.