మా నాయన బేరమాడని ఒప్పందం

మా నాయన బళ్లారి బజారులో ఎండుమిరప వ్యాపారం చేసేవాడు. సిరుగుప్ప వైపు నుంచీ, సరిహద్దు దాటి ఆంధ్రలోని ఆలూరు వైపు నుంచీ రైతులు బస్తాలు తెచ్చేవాళ్లు. బస్తా పైన ఉన్న కాయను నాయన ముట్టుకునేవాడు కాదు. మోచేతి దాకా చేయి లోపలికి దూర్చి అడుగు నుంచి ఒక కాయ లాగేవాడు. చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవాడు. తుంచి వాసన చూసేవాడు. ఆ తరువాతే ధర మాట. ఇంట్లోకి కొత్తిమీర కట్ట కొనాలన్నా నాలుగు మాటలు ఆడనిదే కొనేవాడు కాదు. ఆయనతో బట్టల అంగడికి వెళ్లాలంటే మా అమ్మకు సిగ్గు. "అంగడాయన మొహం చూడలేక చస్తాండా" అనేది.

మా శెట్ల ఇళ్లల్లో మగపిల్లలు అంగట్లో కూర్చోవాలి, లేదంటే సీఏ చదవాలి. నేను ఫుట్‌బాల్ ఆడాను. కంటోన్మెంటు వైపు పిల్లలతో కలిసి మొదలుపెట్టి, హైస్కూలుకు వచ్చేసరికి వేరే పని మీద మనసు నిలవని స్థితికి వచ్చాను. నాయనకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు. అయినా సాయంత్రం అంగడి కట్టేసి, స్కూటర్ మీద కాలేజీ గ్రౌండుకు వచ్చి, గోడ మీద కూర్చుని శనక్కాయలు ఒలుచుకుంటూ చూసేవాడు. ఇంటికి వెళ్లేటప్పుడు వెనక కూర్చున్న నాతో, "అంతసేపు పరుగెత్తి ఒగటే గోలు కొడ్తిరే! యాపారంలో ఇట్ల కష్టపడి ఇంతే లాభమొస్తే ఎప్పుడో అంగడి మూసేస్తుండ్య" అనేవాడు. నేను గోల్ కొట్టే చోట ఆడను, ఎడమ వైపు నిలబడి ఆపే చోట ఆడతాను అని ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. ఎవరైనా అడిగితే మాత్రం, "మావోడు ఎడమ పక్క. ఆ పక్క నుంచి ఎవురూ పోలేరు" అని చెప్పేవాడట.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు ఒక రాష్ట్రస్థాయి మ్యాచ్‌లో నన్ను చూసి బెంగళూరు క్లబ్ ఒకటి పిలిచింది. నాకు ఫోన్ చేసింది క్లబ్ వాళ్లు కాదు, ఒక ఏజెంటు. కన్నడంలో చాలా మర్యాదగా మాట్లాడాడు. మూడేళ్ల ఒప్పందం, మొత్తం పద్దెనిమిది లక్షలు అన్నాడు. ఆ సంగతి చెప్పడానికి నేను అంగడికి పరుగెత్తాను. నాయన ఒక రైతుతో మాట్లాడుతున్నాడు. నేను చెప్పింది విని, చేతిలోని కాయను బస్తాలో వేసేసి, ఆ రైతుకు అతను అడిగిన ధరే ఇచ్చి పంపేశాడు. రైతు వెళుతూ వెళుతూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఒప్పందం మీద సంతకానికి ఇద్దరం బెంగళూరు వెళ్లాం. నాయన పెళ్లిళ్లకు తొడిగే తెల్లచొక్కా వేసుకున్నాడు. క్లబ్ ఆఫీసు చల్లగా, అద్దాల గోడలతో ఉంది. గోడ మీద ఆటగాళ్ల ఫోటోలు నిలువెత్తున ఉన్నాయి. నాయన ప్రతి ఫోటో ముందూ కాసేపు ఆగాడు. మేనేజరు ఇంగ్లీషు కాగితాల కట్ట మా ముందు పెట్టాడు. ఏజెంటు పేజీలు తిప్పుతూ ఎక్కడ సంతకం చేయాలో వేలు పెట్టి చూపించాడు. నేను గబగబా చేస్తూ పోయాను. ఆగితే వాళ్లు ఎక్కడ మనసు మార్చుకుంటారో అని నా భయం. సాక్షి సంతకం నాయనది. ఆయన పెన్ను చేతిలోకి తీసుకున్నాక, ఏమైనా అడగాలా అన్నట్టు మేనేజరు ఆయన వైపు చూశాడు.

నాయన కన్నడంలో అడిగింది ఒక్కటే. "సార్, హుడుగ మాంస తిన్నల్ల. ఊట సరియాగి సిగుత్తా?"

పిల్లవాడు మాంసం తినడు, తిండి సరిగ్గా దొరుకుతుందా అని. మేనేజరు నవ్వాడు. "ఎల్లా నోడ్కొళ్తీవి, టెన్షన్ తగోబేడి" అన్నాడు. అన్నీ చూసుకుంటాం అన్న ఆ మాట చాలింది నాయనకు. సంతకం పెట్టి, పెన్నుకు మూత పెట్టి, రెండు చేతులతో మేనేజరుకు తిరిగి ఇచ్చాడు.

ఆ కాగితాల్లో ఏముందో నాకు మొదటి జీతం వచ్చాక తెలిసింది. ఖాతాలో పడినది చూసి పొరపాటేమో అనుకున్నాను. ఏజెంటుకు ఫోన్ చేస్తే ఓపిగ్గా వివరించాడు. పద్దెనిమిది లక్షలంటే అన్నీ కలిస్తే వచ్చేది. నెలకు ఖాయంగా వచ్చేది ఇరవై వేలు. మిగతాదంతా మ్యాచ్ ఆడితే, జట్టు గెలిస్తే, పట్టికలో పైకి పోతే. ఆడినట్టు లెక్క కావాలంటే సగం మ్యాచ్ అయినా గ్రౌండులో ఉండాలి. రెండో ఏడూ మూడో ఏడూ క్లబ్‌కు ఇష్టమైతేనే. ఇరవై వేలల్లోనే పన్ను కోత, ఏజెంటు వాటా. "మొదటి కాంట్రాక్టు అందరిదీ ఇట్లే ఉంటుంది తమ్మా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. నాతోపాటు చేరిన కుర్రాళ్లందరిదీ అదే కథ.

మెస్సులో కోడి, చేప, గుడ్డు. మధ్యాహ్నం ప్రాక్టీసు అయ్యాక నా కంచంలో అన్నం, పప్పు ఉండేవి. ఫిట్‌నెస్ చూసే ఆయన నా కండ పెరగడం లేదని కోప్పడితే పనీరు, పాలు, డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడి బయట కొనుక్కోవడం మొదలుపెట్టాను. జెర్సీ క్లబ్‌ది, బూట్లు నావి. ఎండునేలకు ఒక జత, తడినేలకు ఒక జత. నెలాఖరుకు ఇంటికి పంపడానికి చాలా కొంచెం మిగిలేది.

నాయనకు ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పేశాను.  ఆయన వెనక బజారు శబ్దం వినిపిస్తూ ఉంది.

"కానీలేరా" అన్నాడు. "కొత్త యాపారం మొదటి ఏడాది ఇట్లే ఉంటాది. నువ్వు బాగా ఆడు. దుడ్డు పంపొద్దు, నువ్వే పెట్టుకో. పాలు తాగు."

అప్పటికే ఆయన బజారంతా దూద్‌పేడాలు పంచాడు. పద్దెనిమిది లక్షలని అందరికీ చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాటను వెనక్కి తీసుకుని ఉంటాడనుకున్నాను. తీసుకోలేదని నాకు అప్పుడు తెలియదు.

ఆ సీజను నేను ఎక్కువగా బయట బెంచీ మీదే కూర్చున్నాను. నా చోట ఆడేవాడు ముప్పై దాటిన అనుభవజ్ఞుడు, మంచివాడు. అతనికి దెబ్బ తగలాలని నేనెప్పుడూ కోరుకోలేదు గానీ, అతను కుంటిన ప్రతిసారీ లేచి నిలబడేవాణ్ని. ఒక మ్యాచ్‌లో చివర పది నిమిషాలకు నన్ను లోపలికి పంపారు. నా వైపు నుంచి ఎవరూ పోలేదు. నాయన ఫోన్‌లో చూశాడట. "కనపడ్తివిరా! కనపడ్తివి!" అని అరిచాడు. ఆ పది నిమిషాలకు డబ్బు రాదని ఆయనకు చెప్పలేదు.

తరువాత ప్రాక్టీసులో నా తొడ వెనక కండరం పట్టేసింది. సగం తగ్గాక పరుగెత్తాను, మళ్లీ పట్టేసింది. సీజను ముగిశాక మెయిల్ వచ్చింది. రెండో ఏడాదికి క్లబ్ ముందుకు పోదలుచుకోలేదు, నా సేవలకు ధన్యవాదాలు. ఏజెంటు ఇంకో క్లబ్ చూస్తానన్నాడు. ఆ తరువాత అతని ఫోన్ మోగుతూనే ఉండేది గానీ ఎత్తేవాడు కాదు.

ఇంటికి చెప్పే ధైర్యం లేక చెప్పకుండానే రైలెక్కాను. స్టేషన్‌లో దిగి నేరుగా అంగడికి నడిచాను. నాయనను అంగట్లో చూస్తే ఎలాగో మాట వస్తుందని. మిరప సీజను జోరుగా ఉంది, వీధంతా ఘాటు. మా అంగట్లో గల్లాపెట్టె ముందు పక్క అంగడి శెట్టి కూర్చుని ఉన్నాడు. నాయన కాటా దగ్గర నిలబడి బస్తా తూకం చెబుతున్నాడు. శెట్టి రాసుకుంటున్నాడు. నన్ను చూసి నాయన చేయి కాటా మీదే ఆగిపోయింది.

"ఏందప్పా, చెప్పకుండా వస్తివి? ఇంటికి పో, అమ్మ ఉండాది" అన్నాడు. నేను ఎందుకు వచ్చానో ఆయన అడగలేదు. ఆయన అక్కడెందుకు నిలబడ్డాడో నేను అడగలేదు.

అమ్మ చెప్పింది. గుడి కమిటీ వాళ్లు అన్నదానం చందాకు వచ్చారట. పద్దెనిమిది లక్షల పిల్లవాడి తండ్రి కదా, తక్కువ ఇస్తే బాగుండదని, ఎంత ఇవ్వాలో వాళ్లే చెప్పారు. నాయన ఇచ్చాడు. నేను చదివిన బడి వాళ్లు పిల్లలకు బూట్లు అడిగారు. ఇచ్చాడు. మా చిన్నమామ మొబైల్ అంగడి పెడతానని చేబదులు అడిగాడు. ఇచ్చాడు. అందరికీ ఒకటే మాట, "మావోడు పంపించినాడు" అని. అంతా అంగడి డబ్బు.

"నేనెంత మొత్తుకున్నా ఇన్లేదప్పా" అంది అమ్మ. "లేదంటే పిల్లోని ఆట మీద నవ్వుతారే అన్నాడు. వానికి చెడ్డపేరొస్తాదే అన్నాడు. ఇప్పుడు సీజన్లో సరుకు కొనేకి చేతిలో రొక్కం లేకపాయె. రైతులకు అప్పు పెట్టేకి ఒప్పుకోడు కదా ఈయప్ప. అంగడి పక్కాయనకే ఇచ్చేసినాడు. అందులోనే జీతానికి నిలబడినాడు."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు ఆట ఇడ్సిపెట్టి వస్తావని."

ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా పక్కన కూర్చున్నాడు. నేను మెయిల్ సంగతి చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. కాలి నొప్పి ఎక్కడ అని అడిగి తొడ మీద చేయి పెట్టి చూశాడు. నేను ఏడవకుండా ఉండాలని గోడ వైపు చూస్తున్నాను. ఏడ్చింది ఆయన.

"మిరపకాయ బస్తాకైతే అడుగు దాకా చేయి పెట్టి చూస్తాండ్య కదరా" అన్నాడు. "నిన్ను మాత్రం చూడకుండా ఇచ్చేస్తి. ఆ పొద్దు నేనడగాల్సింది. దెబ్బ తగిలితే ఎట్ల, ఆడించకపోతే ఎట్ల, నడిమధ్యలో పొమ్మంటే ఎట్ల అని. నాకు తెల్దా? నలభై ఏండ్లు ఇదే పని చేస్తి. నోరు రాలేదురా. ఆ ఫోటోలు చూస్తిని. నీది కూడా అట్ల పెడతారనుకుంటి. అంత సంతోషమాయె నాకు."

"నాయనా, నువ్వు అడిగినా వాళ్లు మార్చేవాళ్లు కాదు. అందరికీ అట్లే ఇస్తారంట."

"మార్చకుంటే మార్చకుండ్రి. నేనడిగింటే నాకు తెలిసుండేది కదా."

నేను లేచి ఆయనకు నీళ్లు తెచ్చి ఇచ్చాను. 

కాలు నయం కావడానికి ఏడాది పట్టింది. ఇంకెవరూ పిలవలేదు. నేను సిరుగుప్పలో ఒక ప్రైవేటు బడిలో ఆటల మాస్టారుగా చేరాను. పొద్దున్నే బస్సులో వెళతాను. కాలువ పక్క వరిమళ్ల మధ్య నుంచి బస్సు పోతుంటే కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతాను. జీతం క్లబ్ ఇచ్చినదానికంటే తక్కువే, కానీ పన్నెండు నెలలూ వస్తుంది. చిన్నమామ మొబైల్ అంగడి నడవలేదు, ఆ డబ్బు తిరిగి రాలేదు. నాయన ఎవరినీ ఏమీ అడగలేదు. పక్క శెట్టి ఆయనను మర్యాదగానే చూసుకుంటాడు, ఇప్పటికీ అన్నా అనే పిలుస్తాడు. కానీ కొనుగోలు ధర చెప్పేది శెట్టి. నాయన తూకం చెప్పి పక్కకు తప్పుకుంటాడు. ఇంట్లో కూడా మాట తగ్గిపోయింది. ఏ కూరగాయకైనా చెప్పినంత ఇచ్చి వస్తాడు. అమ్మ మొదట్లో గొణిగేది, ఇప్పుడు మానేసింది.

పోయిన సెలవుల్లో ఒకరోజు మధ్యాహ్నం క్యారియరు తీసుకుని నేనే అంగడికి వెళ్లాను. ఆలూరు వైపు నుంచి ఒక ముసలి రైతు వచ్చి ఉన్నాడు. చాలా ఏళ్లుగా ఈ బజారుకు రాలేదట. నాయనను గుర్తుపట్టి చేతులు పట్టుకున్నాడు. నేను వాళ్ల వెనక, గుమ్మం దగ్గర ఉన్నాను.

"శెట్టప్పా, నీ కొడుకు బాల్ ఆడుతాడంటివి కదా అప్పుడు. యాడుండాడు ఇప్పుడు?"

నాయన నన్ను చూశాడు. చూసి, మళ్లీ రైతు వైపు తిరిగాడు.

"బెంగళూరులోనే ఉండాడప్పా" అన్నాడు. "బాగా ఆడుతాండాడు. ఎడమ పక్క."

రైతు సంతోషపడి, దేవుడు చల్లగా చూడాలి అన్నాడు. క్యారియరు తెచ్చిన కుర్రాడు ఎవరో అన్నట్టు నా వైపు ఒకసారి చూశాడు. నేను క్యారియరును బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా మెట్లు దిగి, వీధి చివర సోడా బండి దగ్గర నిలబడ్డాను. ఆ రైతు సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయేదాకా తిరిగి లోపలికి పోలేదు.