‘మా గురించి’ పేజీలో నాగులు

మెహ్జబీన్ ఎడమ మణికట్టు కొద్దిగా వంకర. ఎముక అతికింది గానీ చెయ్యి పూర్వంలా తిరగదు. ఎలా విరిగిందని ఎవరైనా అడిగితే ఆమె దాచదు. వెబ్‌సైట్ తయారుచేస్తుంటే విరిగిందని చెబుతుంది. వాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు.

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీద ఆమె తండ్రి జిలానీకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. దాని మీద వేసిన రేకుల గది ఆమె ఆఫీసు. కింద సుత్తి మోతలు, గ్రీజు వాసన. పైన రెండు కంప్యూటర్లు, ఒక కూలర్, గోడకు అంటించిన కాగితాలు. హైదరాబాదులో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎవరో చెప్పిన రంగులు ఎవరికో వేసి విసిగిపోయి, సొంతంగా చేసుకుందామని వచ్చేసింది. ఊళ్లో ఆసుపత్రులకు, కాలేజీలకు, పత్తి వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిపెడుతుంది.

ఆమెకు ఒక పట్టుదల ఉంది. మాటలు తేలనిదే బొమ్మ మొదలుపెట్టదు. తొలిరోజుల్లో ఒక స్కూలుకు ముందే డిజైన్ అంతా చేసిపెట్టింది. తీరా స్కూలు వాళ్లు రాసి పంపిన సంగతులు అందులో ఇమడలేదు. కొన్ని పెట్టెలు పొంగిపొర్లాయి, కొన్ని ఖాళీగా మిగిలాయి, మొత్తం విప్పి మళ్లీ కట్టాల్సి వచ్చింది. బట్ట కుట్టేశాక మనిషిని కొలిచినట్టయింది. అప్పటినుంచి ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి అడుగుతుంది. మీరెవరు, ఏం చేస్తారు, ఎలా మొదలైంది, చూడవచ్చినవాడికి ఏం తెలియాలి. జవాబులన్నీ నల్ల అక్షరాల్లో రాసి, మాట చెల్లే వాళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి చదువుతుంది. అందరూ సరేనన్నాకే రంగుల జోలికి పోతుంది.

మాచర్ల నుంచి ధనుంజయరావు వచ్చినప్పుడూ అదే చెప్పింది. ఆయనకు నాపరాళ్ల క్వారీ, పాలిషింగ్ యూనిట్ ఉన్నాయి. బెంగళూరు, చెన్నై బిల్డర్లు ఫోనులో చూసి ఆర్డరు పెట్టాలని ఆయన కోరిక. తెల్లచొక్కాలో దిగిన ఫొటో ఒకటి తెచ్చి, ఇది పైన పెద్దగా పెట్టి, వెనక బంగారు రంగు వెయ్యమన్నాడు. ఫొటో తర్వాత, ముందు క్వారీ చూసి అక్కడివాళ్లతో మాట్లాడతానంది మెహ్జబీన్. ఆయన విసుక్కున్నా ఒప్పుకున్నాడు.

క్వారీ ఎలా మొదలైందని ఆయన్ని అడిగితే, నేనే మొదలుపెట్టానని ఒక్కముక్కలో తేల్చేశాడు. తర్వాత పాలిషింగ్ యూనిట్‌లో పని చూసుకునే సుబ్బరత్నాన్ని అడిగింది. ఆమె ధనుంజయరావుకు వదిన, అన్న నాగులు భార్య. యూనిట్‌లో సగం ఆమెదే. రాతిదుమ్ము తలంతా పట్టి జుట్టు ఎప్పుడు నెరిసిందో తెలియనట్టుంది.

ఆమె మిషను ఆపి చెప్పింది. అది రాళ్లగుట్టగా పడివున్నప్పుడు గునపంతో మొదటి పలక లేపింది నాగులు. పక్క క్వారీ వాళ్లతో హద్దు తగాదా వచ్చింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం అన్నం కారియర్ పట్టుకుని ఆమె దిగువ మలుపు దగ్గరికి వచ్చేసరికి జీపు అడ్డంగా ఆగివుంది. వేటకొడవలితో మొదటి దెబ్బ నాగులు మెడ మీద పడింది. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద. కిందపడ్డాక లెక్కలేదు. ఆమె అరుస్తూ పరుగెత్తి మీద పడితే ఒకడు కాలితో తన్ని పక్కకు దొర్లించాడు. ఆ దుమ్ములో ఆమెకు ఎదురుగా ఇంకో మనిషి కనిపించాడు. మోటారుసైకిల్ ఆపుకుని నిలబడ్డ మరిది ధనుంజయరావు.

కోర్టులో ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ధనుంజయరావు తాను అక్కడ లేనన్నాడు. కూలీలు కూడా అదే మాట అన్నారు. కేసు కొట్టేశారు. కొన్నాళ్లకు రెండు క్వారీలూ కలిసిపోయాయి. చంపాడని ఆమె వేలెత్తి చూపిన మనిషి ధనుంజయరావుకు భాగస్తుడయ్యాడు. ఇప్పుడు ఆ భాగస్తుడు జబ్బుతో మంచంలో ఉంటే వ్యవహారం ఆయన కొడుకు ప్రవీణ్ చూస్తున్నాడు. ఇదంతా మాచర్లలో తెలియనివాళ్లు లేరు. పైకి అనేవాళ్లే లేరు.

తిరుగుబస్సులో మెహ్జబీన్ ఈ పని వదిలేద్దామా అనుకుంది. పని వదిలేద్దామా అనుకుంది. ఇంటికొచ్చి తండ్రితో చెబితే, ఆ పేర్లు నాకూ తెలుసు, వాళ్ల జోలికి పోవద్దు అన్నాడు. అయినా ‘మా గురించి’ అన్న పేజీ ఖాళీగా వదలబుద్ధి కాలేదు. హత్య సంగతి ఎత్తలేదు. ఈ క్వారీలో మొదటి రాయి తీసినవారు నాగులు అని ఒక్క వాక్యం రాసింది. అందులో అబద్ధం లేదు, నింద లేదు. అందరూ కలిసి వింటే సర్దుకుంటారనుకుంది. వాళ్లను ఒకే గదిలోకి పిలవడం ఎంత ప్రమాదమో ఆమెకు తట్టలేదంటే ఇప్పటికీ ఆమే నమ్మదు. తట్టింది. తన పద్ధతి మీద నమ్మకం దాన్ని తొక్కేసింది.

పొద్దున పదకొండింటికి ధనుంజయరావు, ప్రవీణ్ కారులో వచ్చారు. సుబ్బరత్నం బస్సులో వచ్చింది. మెహ్జబీన్ పేజీలన్నీ చదువుకుంటూ పోయింది. రాళ్ల రకాలు, కొలతలు, లారీ ఎక్కించే పద్ధతి, అన్నింటికీ తలలూపారు. నాగులు పేరు వచ్చేసరికి ధనుంజయరావు అది తీసెయ్యమన్నాడు. అందరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఆ వాక్యం అలాగే ఉంటుందని, అప్పటిదాకా డిజైన్ మొదలుపెట్టనని మెహ్జబీన్ అంది.

ప్రవీణ్ ఫోనులోంచి తలెత్తాడు. “చచ్చినోడి పేరు చూసి రాళ్లెవరు కొంటారు?”

సుబ్బరత్నం గొంతు పెంచలేదు. “చచ్చినోడు కాదు. మీ నాయన చంపినోడు.”

ప్రవీణ్ లేచి ఆమె జుట్టు పట్టుకున్నాడు. తల గోడకేసి కొట్టాడు. నుదుటినుంచి కారిన రక్తం గోడమీది కాగితాల మీద చారలు కట్టింది. మెహ్జబీన్ వెనకనుంచి అతని చొక్కా పట్టి లాగింది. అతను తిరిగి, ఇనప స్టూలు ఎత్తి కొట్టాడు. తలకు అడ్డం పెట్టిన చెయ్యి పుల్ల విరిగినట్టు చప్పుడు చేసింది. నొప్పి ఒక క్షణం ఆగి వచ్చింది. రెండో దెబ్బకు కంప్యూటర్ బద్దలైంది. మూడోసారి స్టూలు సుబ్బరత్నం వీపు మీద పడింది. ధనుంజయరావు గుమ్మం దగ్గరికి జరిగి, అన్నను నరికిననాడు నిలబడ్డట్టే నిలబడి చూస్తున్నాడు.

చప్పుడు విని జిలానీ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో చక్రాల బోల్టులు విప్పే ఇనప స్పానర్ ఉంది. ఏమీ అడగలేదు. మొదటి దెబ్బకే ప్రవీణ్ మోకాలు పక్కకు మడతపడింది. అతను నేలమీద పడి, అన్నా వద్దని చేతులు జోడించాడు. జిలానీ మళ్లీ కొట్టాడు, అదే మోకాలి మీద. మళ్లీ ఎత్తాడు. ఎన్నడూ కూతురి మీద చెయ్యెత్తని మనిషి ముఖం అప్పుడు మెహ్జబీన్‌కు గుర్తుపట్టలేనట్టు కనిపించింది. ఇంకొకటి పడితే బాగుండునని తన లోపల కూడా అనిపించింది. అది ఆమెను ఎక్కువ భయపెట్టింది.

“అబ్బాజాన్, చాలు,” అంది. తండ్రికి వినబడలేదు. ఆమె బాగున్న చేత్తో స్పానర్ పట్టుకుని వేలాడితే ఆగాడు.

రెండువైపులా కేసులు పడ్డాయి. మెహ్జబీన్ చేతికి ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. జిలానీ జైలుకు వెళ్లి బెయిలు మీద వచ్చాడు. ఆయన లోపల ఉండగానే ఒక పొద్దున ప్రవీణ్ తరఫు మనుషులు రెండు బళ్లలో వచ్చి షెడ్డు పగలగొట్టారు. అద్దాలు, ఇంజన్లు, ఏదీ వదల్లేదు. అడ్డుపోయిన మెకానిక్ అక్రం తల మీద రాడ్డుతో కొట్టారు. అతను బతికాడు గానీ కుడికన్ను పోయింది. రోడ్డుకు అవతల దుకాణాలన్నీ షట్టర్లు దించుకున్నాయి. తర్వాత అడిగితే ఎవరూ ఏమీ చూడలేదన్నారు.

అప్పుడు పెద్దమనుషులు రాజీకి వచ్చారు. మీరు కేసు తీసేసుకోండి, వాళ్లూ తీసేసుకుంటారు, ముసలాయన జైలుపాలు కాకుండా ఉంటాడు అన్నారు. మెహ్జబీన్ మనసు అటే మొగ్గింది. తండ్రిని కటకటాల వెనక చూసివచ్చాక ఏ రాజీ అయినా మంచిదే అనిపించింది. ఒప్పుకుందామని ఆమే తండ్రితో అంది.

జిలానీ అక్రం మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. “నేను కొట్టింది కొట్టాననే చెప్తా. పడిపోయినోడిని కొట్టడం తప్పు, అదీ చెప్తా. వాళ్లు చేసింది వాళ్లను చెప్పమను. ఇప్పుడు మనం రాజీ పడితే, ఈడి కన్ను ఎవురూ పోగొట్టలేదనేగా అర్థం?”

ఆమె మళ్లీ ఆ మాటెత్తలేదు. కేసులు నడుస్తున్నాయి. సాక్ష్యంలో ఆమె ప్రవీణ్ చేసింది చెప్పింది, తండ్రి కొట్టిన రెండో దెబ్బ గురించి కూడా చెప్పింది. బోనులో అది చెబుతున్నప్పుడు తండ్రి వైపు చూడలేకపోయింది. ఆయనకు శిక్ష పడవచ్చని లాయరు అంటాడు.

ధనుంజయరావు ఇంకెక్కడో వెబ్‌సైట్ చేయించుకున్నాడు. వారంలో అయిపోయింది. తెల్లచొక్కా ఫొటో, బంగారు రంగు, అంతా మెరిసిపోతోంది. ‘మా గురించి’ నొక్కితే మాత్రం డిజైనర్లు చోటు కోసం పెట్టే అర్థంలేని అక్షరాలే ఉన్నాయి. ఎవరూ నింపలేదు, తీయనూ లేదు. మెహ్జబీన్ దాన్ని ఒకసారి చూసి మూసేసింది.

సుబ్బరత్నం కోర్టుకెక్కి తన భాగం విడగొట్టించుకుని, పాలిషింగ్ యూనిట్ వేరుగా నడుపుకుంటోంది. మొన్న చలికాలంలో రేకుల గదికి మళ్లీ వచ్చింది. నుదుటిమీద కుట్ల గీత తెల్లబడింది. తనకూ ఒక వెబ్‌సైట్ కావాలంది. గుమ్మంలో ఆమెను చూడగానే మెహ్జబీన్‌కు ఆ ఇనప స్టూలు గుర్తొచ్చింది. అయినా కూర్చోమంది. కింద ఉన్న తండ్రికి కేకేసి టీ తెప్పించింది.

ఇద్దరూ మధ్యాహ్నందాకా మాటలు పేర్చుకున్నారు. మెహ్జబీన్ చివరికి చదివి వినిపించింది. మొదటి రాయి తీసినవారు నాగులు. క్వారీ దగ్గరే ఆయన చనిపోయారు. అప్పటినుంచి ఆయన భార్య సుబ్బరత్నం పాలిషింగ్ యూనిట్ నడుపుతున్నారు.

సుబ్బరత్నం చెయ్యి అడ్డం పెట్టింది. “చనిపోయాడని రాశావేంది అమ్మాయ్? చంపారని రాయి.”

“పేర్లు రాయలేం పెద్దమ్మా. కేసు కొట్టేశారు.”

“పేర్లొద్దు. అవి అందరికీ తెలుసు. ఆ మాట ఒక్కటి రాయి.”

మెహ్జబీన్ మళ్లీ ఎవరైనా మెట్లెక్కి వస్తారేమోనని చెవులు రిక్కించింది. కింద అక్రం ఎవరిదో టైరుకు గాలి కొడుతున్నాడు. ఆమె ఆ పదం చెరిపి, ‘చంపారు’ అని రాసింది. సుబ్బరత్నం స్క్రీను దగ్గరికి వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తనే ఒకసారి చదువుకుంది. బస్సు వేళవుతోందని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.